సుల్తాన్ పేరు మీద రక్తపరీక్ష

గురజాల బస్టాండు ఎదురుసందులో రెండే రెండు షట్టర్లు. ఒకటి నాది, జిరాక్సు షాపు. రెండోది సలోమి గారి రక్తపరీక్షల ల్యాబు. నా షాపుకు వచ్చేవాళ్ళు చిరాగ్గా వచ్చి చిరాగ్గానే పోతారు. ఆధార్ కార్డు రెండు వైపులా తీయమంటే ఒక వైపే తీశానని పోట్లాడతారు. ఆమె ల్యాబుకు వచ్చేవాళ్ళు మాత్రం ఏడుపు మొహంతో వచ్చి నవ్వుకుంటూ పోతారు. వేలికి సూది గుచ్చి, డబ్బులు పుచ్చుకుని, పైగా నాలుగు తిట్లు తిట్టి పంపే మనిషంటే జనానికి అంత ఇష్టమేమిటో పదహారేళ్ళుగా పక్కనే కూర్చున్నా నాకు అంతుపట్టలేదు. మొదట్లో కొంచెం అసూయగా ఉండేది. ఉండేది అనడం దేనికి, ఇప్పటికీ ఉంది.

ఆమెది ఎడ్లపాడు. తండ్రి ఐజాక్ పత్తి చేలల్లో కూలీకి పోయేవాడు, తల్లి మిరపకాయలకు తొడిమలు తీసేది. గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. భర్త ఆర్టీసీలో కండక్టరు. ఇంట్లో నోరెత్తి ఒక్క మాట మాట్లాడడు. రోజంతా బస్సులో అరిచి అరిచి వస్తాడు, ఇంట్లో అరిచే డ్యూటీ నాది అంటుంది ఆవిడ. వయసు యాభై నాలుగు. మండల ఆఫీసులో పెద్ద సారైనా, పత్తి లారీ క్లీనరైనా ఆమెకు ఒరేయే. ఇంతవరకూ ఎవరూ కోపం తెచ్చుకోలేదు.

ఆమెకు ఒక పిచ్చి ఉంది. ఎవరి రక్తం వాళ్ళకు చూపిస్తుంది. వేలు గుచ్చి, చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు పోసి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి "రా, వచ్చి నీ మనుషుల్ని చూసుకో" అని పిలుస్తుంది. దీనికి ప్రత్యేకంగా ఫీజు లేదు. చూడనన్నవాడికి రిపోర్టు ఆలస్యమవుతుంది. అందుకని అందరూ చూస్తారు. లేత గులాబీ చుక్కల మధ్య అక్కడక్కడా ఊదారంగు మచ్చలున్న గుండ్రటి కణాలు కనిపిస్తాయి. పుస్తకాల్లో వాటిని న్యూట్రోఫిల్స్ అంటారు. ఆమె కాపలావాళ్ళు అంటుంది.

ఒకసారి గాజుల కొట్టు అక్తర్ బేగం చేపముల్లు దిగిన వేలితో వచ్చింది. వేలు వాచి వంకాయలా ఉంది. మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, ఆ పెద్దావిడ మంచి ప్రశ్నే వేసింది.

"వీళ్ళకి మనోళ్ళెవరో బయటోళ్ళెవరో ఎట్టా తెలుసుద్ది సలోమీ? ఆధార్ కార్డు అడుగుతారా?"

"ఆధార్ అడిగే బ్యాచ్ వేరే ఉందిలే అత్తా. వాళ్ళు ఫైలు తెరిచి, ఫోటో సరిపోయిందో లేదో చూసి, తీరిగ్గా దిగేసరికి వారం పట్టుద్ది. వీళ్ళకంత చదువు లేదు. వేషం చూస్తారు. క్రిముల ఒంటి మీదుండే తొడుగు మన ఒంట్లో ఏ కణానికీ ఉండదు. అది చేతికి తగిలిందా, పేరడగరు, ఊరడగరు, ఎత్తి నోట్లో వేసుకుంటారు."

అక్తర్ బేగంకు ఇది బాగా నచ్చింది. తనూ అంతేనట, మెట్టెక్కక ముందే ఎవరు గాజులు కొంటారో, ఎవరు ఊరికే బేరమాడి పోతారో నడక చూసి చెప్పేస్తుందట. తన వేల్లో తనలాంటివాళ్ళే ఉన్నారని సంతోషపడి, వేలు చిదమకుండా బుద్ధిగా ఆస్పత్రికి వెళ్ళింది.

పక్కన కూర్చుని వినీ వినీ నాకూ సగం వైద్యం వచ్చేసింది. చర్మం కింద కాపురముండే పెద్ద కణాలు కొన్ని ఉంటాయి. ముల్లు వెంట క్రిమి లోపలికి రాగానే ముందు వాటికే తెలుస్తుంది. అవి రసాయనాలు వదిలి కేక పెడతాయి. ఆ కేకకు పక్కనున్న సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు వదులవుతాయి. నీరు బయటికి ఊరుతుంది. రక్తంలో పోతున్న కాపలావాళ్ళు ఆ సందుల్లోంచి ఒళ్ళు కుదించుకుని బయటపడి క్రిముల మీద పడతారు. మనకు కనిపించే ఎరుపు, వేడి, వాపు, సలపరం, ఇవన్నీ ఆ హడావిడే. ఆ కేక మెదడుదాకా పోతే అది ఒంటి వేడి పెంచుతుంది, దాన్నే మనం జ్వరం అంటాం. చీము అంటే చాలావరకు ఆ కొట్లాటలో చచ్చిన మన కాపలావాళ్ళ శవాలే. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు చీమంటే అసహ్యం తగ్గింది. గౌరవం మాత్రం ఇంకా రాలేదు.

వాపు చూసి బలుపు అనుకునేవాళ్ళని సామెత వెక్కిరిస్తుంది. మా పల్నాడులో అలాంటివాళ్ళు తక్కువ. వాపునే రోగం అనుకునేవాళ్ళు ఎక్కువ. వాపు దిగిందా, రోగం పోయింది. జ్వరం తగ్గిందా, పనిలోకి దిగొచ్చు. అందుకని ఊరూరా డిగ్రీ లేని ఒక ఆరెంపీ, ఆరెంపీ చేతిలో వాపును ఇట్టే దించే స్టెరాయిడ్ సూది. ఆ మందులు చెడ్డవని సలోమి గారు ఎప్పుడూ అనదు. ఒక్కోసారి కాపలావాళ్ళే శివాలెత్తి దొంగతో పాటు ఇల్లు కూడా పీకుతారని, అప్పుడు వాళ్ళను అదుపు చేయడానికి ఆ మందే కావాలని, అయితే ఆ లెక్క చదువుకున్న డాక్టరుకు తెలియాలని చెబుతుంది. ఎవరు వింటారు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

విననివాళ్ళలో మొదటివాడు ఎద్దుల మౌలాలీ.

దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ లారీల దుమ్ము పడే పల్లె వాడిది. మూడెకరాల చేను, రెండు బండలాగుడు ఎద్దులు. ఒకదాని పేరు సుల్తాన్, రెండోదాని పేరు మిర్చి. వాటికి ఉలవలు, ఖర్జూరాలు, నాటుకోడి గుడ్లు. వాడికి రాత్రి మిగిలిన అన్నం, పచ్చిమిరపకాయ. సుల్తాన్ పుట్టిన తేదీ, పూట, ఆ రోజు వాన పడిందో లేదో కూడా చెబుతాడు గానీ, తన వయసెంతో అడిగితే గోడ వైపు చూస్తాడని వాడి భార్య నజీమా ఒకసారి నా షాపులోనే అందరి ముందూ అన్నది. వాడికి షుగరుంది. అదుందని తెలుసు, ఒప్పుకోడు.

మొన్న ఫిబ్రవరిలో క్రోసూరులో పందేలు పెట్టారు. ఆరుపళ్ళ విభాగం, అంటే నాలుగేళ్ళ వయసు ఎద్దులకు, ఆదివారం పొద్దున. బండ లాగేవి ఎద్దులే అయినా వాటి పక్కన చెర్నాకోల పట్టుకుని పరిగెత్తేవాడు లేకపోతే అవి కదలవు. మౌలాలీ తప్ప వేరేవాడు పరిగెత్తితే సుల్తాన్ అసలే కదలదు. ఆ వారమే, మంగళవారం నాడు, కొట్టంలో పాత చెక్కకున్న తుప్పు మేకు వాడి కుడి అరికాల్లో చిటికెన వేలు పక్కన దిగింది. పీకి పారేసి, పసుపూ సున్నం కలిపి పూసుకున్నాడు. గురువారానికి పాదం పొంగి, చీలమండ కనపడకుండా పోయింది. జ్వరంతో వణుకుతూ ల్యాబుకు వచ్చాడు.

సలోమి గారు రక్తం తీసి చూసింది. తెల్లకణాలు ఉండాల్సినదానికి రెట్టింపు దాకా ఉన్నాయి. అలవాటు ప్రకారం మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి, వీళ్ళంతా నీ కాలి కోసమే బయల్దేరారని, పని చేస్తున్నారని, అయితే మేకు లోతుగా దిగింది కాబట్టి వాళ్ళొక్కళ్ళ వల్ల కాదని, ఈ పూటే నరసరావుపేట వెళ్ళి సర్జన్‌కు చూపించమని చెప్పింది. మౌలాలీ అంతా విన్నాడు. ఆదివారం తను పరిగెత్తాలని, కాపలావాళ్ళని సోమవారం రమ్మని చెప్పమని అన్నాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

వాడు నరసరావుపేట బస్సెక్కిన మాట నిజం. మూడో స్టేజీలో దిగేశాడు. అక్కడ తనకు తెలిసిన ఆరెంపీ ఒకడు రెండు సూదులు పొడిచి, పొట్లంలో తెల్ల మాత్రలిచ్చాడు. శుక్రవారం పొద్దుటికి వాపు దిగింది, జ్వరం దిగింది, నొప్పి కూడా దిగింది.

శనివారం పొద్దున పదింటికి వాడు ల్యాబు మెట్లెక్కాడు. తన కోసం కాదు. సుల్తాన్ రెండు రోజులుగా దాణా సగం వదిలేస్తోందట. పిడుదుల జ్వరమేమోనని పశువుల డాక్టరు రక్తం తీసి, పరీక్ష చేయించుకు రమ్మన్నాడట. పందెం రేపు కదా అని సీసా జేబులో పెట్టుకుని బండి మీద ఎగిరొచ్చాడు. వచ్చీ రాగానే కాలు బల్ల మీద పెట్టి చూపించాడు. వాపు లేదు. ఆరెంపీ రెండు సూదులతో దించేశాడని చెప్పి, నీ కాపలావాళ్ళు ఎటు పోయారక్కా, సెలవు పెట్టారా అని అడిగాడు.

ఆమె కాలు చూడలేదు. మొహం చూసింది. బూడిద రంగులో ఉంది, చలికాలం పొద్దున చొక్కా తడిసేంత చెమట పట్టి ఉంది. ఎటూ వచ్చావు, నీది కూడా ఒక చుక్క ఇయ్యి, ఊరికే చేస్తా అన్నది. ఊరికే అంటే పల్నాడులో ఎవరూ కాదనరు. చుక్క ఇచ్చి, టీ తాగడానికి బస్టాండుకు పోయాడు.

ముప్పావు గంట తర్వాత ఆమె నా షాపులోకి వచ్చింది. ల్యాబు ప్రింటరు పాడైనప్పటి నుంచి రిపోర్టులు నేనే టైపు చేస్తున్నాను. అంకెలు చెప్పింది, కొట్టాను. ఎక్కువున్నవన్నీ లావు అక్షరాల్లో పెట్టమంది, పెట్టాను. పేరేం వేయమంటారని అడిగాను.

"సుల్తాన్ అని కొట్టు. వయసు నాలుగు. మగ."

కొట్టాను. కొట్టాక స్క్రీను మీద అంకెల వైపు, ఆమె వైపు చూశాను. ఇవి ఎద్దువేనా అని అడిగితే, ప్రింటు తియ్యరా అని కసిరింది. ఆమె నోటి నుంచి ఒక్క అబద్ధం రాలేదు సుమా. వచ్చిందల్లా నా ప్రింటర్లోంచి వచ్చింది. దొంగ పని చేయించాలంటే జిరాక్సు వాడే దొరుకుతాడు ఎవరికైనా.

మౌలాలీ టీ తాగి వచ్చాడు. ఆమె ఆ కాగితం వాడి చేతిలో పెట్టి, మైక్రోస్కోపు దగ్గర కుర్చీ చూపించింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. పెద్ద కాపలావాడి నడిమధ్యలో ఊదామచ్చ మూడు నాలుగు ముడులుగా ఉంటుందని, కుర్రవాడిది ముడి పడకుండా ఎద్దు గిట్టకు కొట్టే నాడాలా వంగి ఉంటుందని చెప్పింది. కుర్రవాళ్ళు ఎముక మూలుగలోనే ఉండి పెరగాలి, రోడ్డు మీదికి రాకూడదు. పెద్దవాళ్ళు చాలకపోతేనే ఒళ్ళు వాళ్ళను బయటికి తోస్తుంది. ఎన్ని నాడాలున్నాయో లెక్కపెట్టమంది. మౌలాలీ పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఆగిపోయాడు. కణాల లోపల నల్లటి రవ్వలు, బొబ్బలు ఏంటని అడిగాడు. తలకు మించిన పని చేస్తున్నారని గుర్తు అంది ఆమె.

వాడు కాగితం మీద పేరు మళ్ళీ చదువుకున్నాడు. వెంటనే ఫోను తీసి క్రోసూరు కమిటీకి కొట్టాడు. మా జత రేపు రావటంలేదు, పేరు తీసేయండి అన్నాడు. రెండేళ్ళుగా ఎదురుచూసిన పందెం. తీసేయమనడానికి వాడికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత పశువుల డాక్టరుకు కొట్టాడు, ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు. నాకు జాలేసి నోరు తెరవబోతే సలోమి గారు నా వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

ఆమె తాపీగా చేతి తొడుగులు తీస్తూ అన్నది. "ఎందుకురా అంత కంగారు? మీ ఆరెంపీని పిలిచి దానికీ ఆ సూదే పొడిపియ్యి. రేపటికి జ్వరం దిగుద్ది. శుభ్రంగా లాగుద్ది."

మౌలాలీకి కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి.

"అక్కా, నీకు చదువుంది గానీ పశువు సంగతి తెలీదు. జ్వరం దిగితే లోపలున్నది పోద్దా? నొప్పి తెలీకపోతే చచ్చిందాకా లాగుద్ది అది. నోరులేని జీవాన్ని అట్టా మోసం చేస్తానా నేను?"

"చెయ్యవులే. నోరున్న జీవాన్ని చేశావు. అది సుల్తాన్ రక్తం కాదు మౌలాలీ, నీది. ఎద్దు రక్తంలో ఈ కాపలావాళ్ళు తక్కువ, ఆ ఆధార్ అడిగే బ్యాచే ఎక్కువ. నీకు తెలీదుగా, అందుకని ఆ పేరు కొట్టించా."

వాడు ముందు నావైపు చూశాడు. టైపు చేసింది నేనే కాబట్టి దెబ్బ కూడా నాకే పడుతుందనుకుని అడుగు వెనక్కి వేశాను. కొట్టలేదు.

"అయితే సుల్తాన్‌కి ఏం లేదా?"

ఏం లేదు, రక్తం శుభ్రంగా ఉంది అన్నదామె. మౌలాలీ మొహం వెలిగిపోయింది. అల్లా దయ అనుకున్నాడు, నవ్వాడు, మళ్ళీ ఫోను తీశాడు. క్రోసూరుకు. పేరు తిరిగి రాయించడానికి.

సలోమి గారు ఫోను లాక్కుంది.

"నీ ఎద్దుకు నువ్వున్నావురా. దాని మూపు మీద ఈగ వాలితే పరిగెత్తుకొస్తావు. నీకెవరున్నారు? ఇదిగో, మీసాలు రాని ఈ పిల్లలున్నారు. వాళ్ళ చేతులు కట్టేసి, పందేనికి పోతానంటున్నావు."

బయట దాచేపల్లి బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది. మౌలాలీ కుర్చీలో కూర్చుని కుడికాలు ఎత్తి, రెండు రోజుల్లో మొదటిసారి అరికాలు తిప్పి చూసుకున్నాడు. చిటికెన వేలు కింద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. వాసన నా దాకా వచ్చింది. వాడు వేలితో ఆ మచ్చ మీద నొక్కాడు, ఇంకా గట్టిగా నొక్కాడు. నొప్పి తెలియటం లేదు అన్నాడు. అప్పుడు భయపడ్డాడు. నేనూ భయపడ్డాను.

షాపు మూసి నేనే వాడిని ఆటోలో నరసరావుపేట తీసుకెళ్ళాను. దారిలో నజీమాకు ఫోను చేస్తే, ఆమె ముందు ఏడ్చి, తర్వాత తిట్టి, ఆ తర్వాత ఎద్దులకు కుడితి పెట్టానని వాడికి చెప్పమంది. సర్జన్ ఆ సాయంత్రమే కాలు కోసి చీము తీశాడు. ఆ సూది మందు వల్ల బయటికి వాపు దిగిందని, లోపల క్రిములకు అడ్డం లేకుండా పోయిందని, షుగరు నాలుగొందలు దాటిందని చెప్పాడు. చిటికెన వేలు తీసేశారు. సోమవారం వచ్చుంటే పాదం తీసేవాళ్ళమన్నాడు. క్రోసూరులో ఆదివారం ఎవరి జతో గెలిచింది. ఎవరిదో మౌలాలీ అడగలేదు, నేను చెప్పలేదు.

నెలన్నర తర్వాత వాడు చేతికర్రతో ల్యాబుకు వచ్చాడు. సలోమి గారు ఏమీ అనకముందే వేలు చాపాడు. రంగు ఆరిందాకా ఓపిగ్గా కూర్చుని, పిలవకుండానే మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళాడు. నాడాలు లేవు. అన్నీ ముడులు పడ్డ పెద్ద కణాలే, అవీ అక్కడొకటి ఇక్కడొకటి.

"వీళ్ళలో ఆ రోజువాళ్ళు ఉన్నారా అక్కా?"

"ఒక్కడూ లేడు. వాళ్ళ ఆయుష్షు రోజో, రెండు రోజులో. ఆ రోజువాళ్ళు నీ కాల్లోనే పోయారు. చీముతో పాటు కడిగేశారు."

మౌలాలీ తల ఎత్తలేదు. గాజుపలకను జరుపుతూ ఒక్కొక్కరినీ చూస్తున్నాడు, సంతలో కోడెలను చూసినట్టే. చూస్తూనే అడిగాడు.

"వీళ్ళకి ఏం మేత పెట్టాలక్కా?"

మామూలుగా అయితే ఇలాంటి మాటకు సలోమి గారు వీధి చివరిదాకా వినిపించేట్టు నవ్వుతుంది, వారం రోజులు వచ్చిన ప్రతివాడికీ చెబుతుంది. ఆ రోజు నవ్వలేదు. నా ప్రింటర్లోంచి ఒక తెల్లకాగితం లాక్కుని, కుర్చీ వాడి పక్కకు జరుపుకుని, తినాల్సినవి, మానాల్సినవి, షుగరు మాత్రలు వేసుకునే వేళలు, రోజూ సాయంత్రం అరికాళ్ళు చూసుకోవడం, అన్నీ పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. ఎన్ని పూటలు పెట్టాలని వాడు అడిగాడు. మూడు పూటలని రాసింది.